అప్పుల జైలు, టీవీ తెర

(ప్రాంతీయ కార్యాలయ సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

 

'నవల నుంచి తెరకు' అన్నది నాకిచ్చిన అంశం. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా', 'జీవన తరంగాలు', 'సెక్రటరీ' నవలలు సినిమాలుగా వచ్చినప్పటి ముచ్చట్లు నాకంటే బాగా చెప్పగలిగిన అమ్మలు, అక్కయ్యలు ఈ హాల్లోనే ఉన్నారు. అందుకని నేను కాస్త దూరం వెళ్తాను. 2008లో బీబీసీ ప్రసారం చేసిన 'లిటిల్ డోరిట్' అనే సీరియల్ గురించి మాట్లాడతాను. మూలం ఛార్లెస్ డికెన్స్ నవల. డిగ్రీలో డికెన్స్‌ని నాన్ డిటెయిల్డ్ పుస్తకంగా చదివి, అది కూడా గైడు చూసుకుని పాసైన తరం మాది. ఆయన నవలల్లో బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో తప్పక చూడాల్సింది ఏదంటే మాత్రం నేను దీన్నే చెబుతాను. ఇది మొదటి నుంచి చివరిదాకా అప్పు కథ, డిపాజిట్ల కథ.

ముందుగా కథ రెండు ముక్కల్లో. లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణాన మార్షల్సీ అని ఒక జైలు ఉండేది. అప్పు తీర్చలేనివాళ్లను అందులో పెట్టేవారు. విలియం డోరిట్ అనే పెద్దమనిషి అందులో ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోతాడు. చిన్న కూతురు ఎమీ ఆ జైల్లోనే పుట్టింది. ఖైదు తండ్రికే గనుక ఎమీ పగలు బయటికెళ్లి కుట్టుపని చేసి, రాత్రి గేటు మూసేలోగా తిరిగొచ్చి తండ్రికి అన్నం పెడుతుంది. ఆమె పనిచేసే ఇంటి కొడుకు ఆర్థర్ క్లెన్నం చైనా నుంచి తిరిగొస్తాడు. తన వాళ్లు ఈ కుటుంబానికి ఏదో అన్యాయం చేశారని అనుమానపడి కూపీ లాగడం మొదలుపెడతాడు. డోరిట్ గారికి అనుకోని వారసత్వం కలిసొచ్చి జైలు నుంచి నేరుగా ఇటలీ విహారయాత్రకు వెళ్తారు. అదే సమయంలో మెర్డిల్ అనే మహా ఫైనాన్షియర్ దగ్గర ఊరంతా డబ్బు పెడుతుంది. డోరిట్ గారూ పెడతారు, ఆర్థరూ పెడతాడు. అది కూలిపోతుంది. ఈసారి మార్షల్సీలోకి వెళ్లేది ఆర్థర్. ఆయనకిచ్చేది కూడా ఒకప్పుడు డోరిట్ గారున్న గదే.

డికెన్స్‌కు ఈ జైలు ఊహించి రాసింది కాదు. 1824లో ఆయన తండ్రి జాన్ డికెన్స్ ఒక రొట్టెల వ్యాపారికి 40 పౌండ్ల 10 షిల్లింగులు బాకీపడి మార్షల్సీలో సుమారు మూడు నెలలు ఉన్నాడు. అప్పటికి ఛార్లెస్‌కు పన్నెండేళ్లు. బడి మాన్పించి బూట్ పాలిష్ తయారుచేసే చోట పనికి పెట్టారు. సీసాలకు లేబుళ్లు అంటించడం పని, జీతం వారానికి ఆరు షిల్లింగులు. ఎంత పేరొచ్చినా ఈ సంగతి ఆయన బయటపెట్టలేదు. ఆయన పోయాక స్నేహితుడు ఫార్స్టర్ రాసిన జీవితచరిత్రలోనే లోకానికి తెలిసింది. అప్పు కంటే అప్పు తాలూకు సిగ్గు ఎక్కువ కాలం బతుకుతుందని రికవరీ పని చేసినవాళ్లందరికీ తెలుసు. వాకిట్లో మన జీపు ఆగితే ఆ ఇంటివాళ్లు ముందు చూసేది పక్కింటి కిటికీ వైపు.

ఇక తెర సంగతికి వస్తాను. నవల 1855 డిసెంబరు నుంచి 1857 జూన్ దాకా నెలకో భాగంగా, ఒక్కోటి షిల్లింగు చొప్పున అమ్ముడైంది. మొత్తం 70 అధ్యాయాలు. దీన్ని టీవీకి రాసినది ఆండ్రూ డేవిస్. జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ని 1995లో, డికెన్స్‌దే 'బ్లీక్ హౌస్'ని 2005లో టీవీకి రాసింది ఆయనే. పాత నవలను గంట గంట ఎపిసోడ్లుగా, ఆదివారం రాత్రి కాఫీ తాగుతూ చూసే గంభీరమైన వ్యవహారంగా తీయడం అక్కడి అలవాటు. 'బ్లీక్ హౌస్' నుంచి దాన్ని మార్చారు. మొదటిది గంట, తరవాతివన్నీ అరగంట, ప్రతిదాని చివర ఒక మెలిక. 'లిటిల్ డోరిట్' కూడా దాదాపు అలాగే 14 ఎపిసోడ్లు. పండితులు కొందరు ఇది మెగా సీరియల్ పద్ధతి అని ముఖం చిట్లించారు. నన్నడిగితే డికెన్స్ పద్ధతి అదే. నెలాఖరున పాఠకుణ్ణి ఊరించి వదిలేయడం ఆయన చేసిన పనే. మన వారపత్రికల్లో సీరియల్ చివర 'సశేషం' చూసి వారమంతా ఆగినవాళ్లకు నేను వివరించాల్సిన పని లేదు. ఒకటే తేడా. ఆ మెలిక దగ్గర ఒక్కో పాత్ర ముఖం మీదికి మూడుసార్లు కెమెరా దూకదు.

ఏడున్నర గంటల్లో 70 అధ్యాయాలు పట్టవు. ఏం తీసెయ్యాలన్నది మొదటి ప్రశ్న. 1987లో క్రిస్టీన్ ఎడ్జార్డ్ ఇదే నవలను రెండు భాగాల సినిమాగా, సుమారు ఆరు గంటల నిడివితో తీసినప్పుడు రిగో అనే హంతకుడి పాత్రను మొత్తంగా ఎత్తేశారు. డేవిస్ ఉంచారు. ఆండీ సెర్కిస్ ఆ వేషం వేశాడు. అరగంటకోసారి భయం పుట్టించడానికి ఆ పాత్ర పనికొచ్చింది గానీ, నా మటుకు నాకు అది సీరియల్‌లో బలహీనమైన భాగం. కత్తి పట్టుకున్న దుర్మార్గుణ్ణి చూసి భయపడటం ఎవరైనా చేస్తారు. ఈ కథలో అసలు భయపెట్టేది మెర్డిల్. ఆయన ఎవరినీ ఏమీ అనడు.

సీరియల్ తీసేవాళ్లకు ఇక్కడే నిజమైన చిక్కు వచ్చింది. గౌన్లు, గుర్రబ్బళ్లు, కొవ్వొత్తుల వెలుగు తెర మీద అందంగా ఉంటాయి. (కథ 1820ల నాటిది. విక్టోరియా రాణి గద్దెనెక్కింది 1837లో. కాబట్టి విక్టోరియన్ నవలే అయినా దుస్తులు మాత్రం అంతకు ముందు కాలానివి.) కానీ నమ్మకాన్ని ఫొటో తియ్యడం ఎలా? మెర్డిల్‌కు ఫ్యాక్టరీ లేదు, ఓడలు కనపడవు, ఆయన వ్యాపారం ఏమిటో నవలలో ఎవరూ అడగరు. ఉన్నదల్లా ఆయన పేరు. నవలలో డికెన్స్ ఈ పేరు పాకడాన్ని అంటురోగంతో పోల్చి ఒక అధ్యాయమే రాశాడు. పెద్దల విందుల్లో మొదలై అద్దె ఇళ్లలో ఉండే పేదవాళ్ల దాకా వస్తుంది. అలా రాయడానికి రచయిత గొంతు ఉంది. కెమెరాకు ఆ గొంతు లేదు.

డేవిస్, దర్శకులు కలిసి దీనికి కనిపెట్టిన మార్గం మనుషుల ముఖాలు. మెర్డిల్‌గా ఆంటన్ లెసర్ అనే సన్నపాటి నటుణ్ణి పెట్టారు. తన ఇంటి విందులో తానే అతిథిలా మూల నిలబడి ఉంటాడు. నవలలో ఈయన తన బట్లర్‌ను చూసి కూడా జంకుతాడు. తన మణికట్టును తానే పట్టుకుని, తననే ఎవరో అరెస్టు చేసినట్టు నిలబడే అలవాటు ఆయనకుంది. చుట్టూ ఉన్నవాళ్లకు అది వినయంగా, గొప్పవాళ్ల ముభావంగా కనిపిస్తుంది. మనకు ఒక్కరికే భయంగా కనిపిస్తుంది. కె.వై.సి. ఫారం మీద ఫొటో అంటిస్తే మొదటి చూపులోనే సందేహించాల్సిన మనిషి, ఆ ఫారం అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు.

ఇంకో ముఖం పాంక్స్‌ది. ఎడ్డీ మార్సన్ వేశాడు, రొప్పుతూ, బుసకొడుతూ నడుస్తాడు. ఆయన ఉద్యోగం అద్దెల వసూలు. మన మాటల్లో రికవరీ ఏజెంటు. ఇంటి యజమాని కాస్బీ తెల్లటి జుట్టుతో, చిరునవ్వుతో దేవుడిలా ఉంటాడు. ఇంకా పిండు, ఇంకా పిండు అని వెనక నుంచి తోసేది ఆయనే, తిట్లు తినేది పాంక్స్. చివర్లో పాంక్స్ అద్దెవాళ్లందరి ఎదుట కత్తెర తీసి ఆ పవిత్రమైన జుట్టును కత్తిరించేస్తాడు. ఫీల్డులో పనిచేసిన మన మిత్రులు ఆ దృశ్యాన్ని రెండుసార్లు చూస్తారని నా అంచనా.

ఈ పాంక్సే ఆర్థర్‌తో మెర్డిల్ దగ్గర డబ్బు పెట్టిస్తాడు. కథ మొత్తంలో అంకెలు బాగా తెలిసినవాడు ఆయనే. డోరిట్ వారసత్వాన్ని తవ్వి తీసినవాడు ఆయనే. నిజాయితీపరుడు, తన సొమ్ము కూడా అందులోనే పెట్టినవాడు. లెక్క వేసి చూశాను, ఢోకా లేదంటాడు. సీరియల్ ఈ ఘట్టాన్ని తొందరపడకుండా తీసింది. మోసపోయేది ఆశపోతులు, తెలివితక్కువవాళ్లు అని మనం అనుకుంటాం. ఇక్కడ మోసం చేరేది స్నేహితుడి నోటి నుంచి, అది కూడా మంచి మనసుతో చెప్పిన మాటగా.

నేనొక చిన్న పట్టణం బ్రాంచిలో ఉన్నప్పుడు రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఎఫ్.డి. గడువుకు ముందే తీసేస్తానని వచ్చారు. ఎవరో నెలనెలా మూడు రూపాయల వడ్డీ ఇస్తున్నారట. "మాస్టారూ, నూటికి మూడంటే ఏడాదికి ముప్పై ఆరు కదండీ, అంత లాభం వాళ్లకు దేంట్లో వస్తోంది?" అని అడిగాను. "మా తోడల్లుడికి ఏడాదిగా క్రమం తప్పకుండా వస్తోంది బాబూ. డాక్టరు గారు పెట్టారు, ఎస్.ఐ. గారు పెట్టారు" అన్నారు. వ్యాపారం ఏమిటని నేనడిగితే, ఎవరెవరు డబ్బు పెట్టారో ఆయన చెప్పారు. ఆ రెంటికీ తేడా ఆ క్షణాన ఆయనకు తట్టలేదు. జీవితమంతా వడ్డీ లెక్కలు నేర్పిన మనిషి. సొమ్ము ఆయనది, అడిగితే ఇవ్వడం మన ధర్మం, ఇచ్చాం. ఏడాది తిరక్కుండానే ఆ దుకాణం మూతపడింది. తరవాత పెన్షన్ తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా ఆయన నా కౌంటర్ వైపు రాకుండా పక్క వరసలో నిలబడేవారు. మేనేజ్‌మెంట్ కోర్సులో మాకు మోసాల మీద కేస్ స్టడీలు చాలానే చెప్పారు. వాటిలో బ్యాలెన్స్ షీట్లు ఉండేవి, ఈ పక్క వరస ఉండేది కాదు. ఎడ్డీ మార్సన్ ముఖంలో అది ఉంది. మెర్డిల్ కూలాక పాంక్స్ జుట్టు పీక్కుంటూ ఆర్థర్ ఎదుటికి వస్తాడు.

మెర్డిల్‌కు ఒక అసలు మనిషి ఉన్నాడు. ఐర్లండ్‌కు చెందిన జాన్ సాడ్లియర్, పార్లమెంటు సభ్యుడు, టిప్పరరీ బ్యాంకు నడిపిన కుటుంబంవాడు. ఆ బ్యాంకు నుంచి రెండు లక్షల పౌండ్లకు పైగా ఓవర్‌డ్రాఫ్టు వాడుకుని, 1856 ఫిబ్రవరిలో లండన్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. బ్యాంకు మునిగింది, ఐర్లండ్ రైతుల పొదుపు పోయింది. అప్పటికి డికెన్స్ నవల నెలనెలా వస్తూనే ఉంది. ఒక ఐరిష్ బ్యాంకు సంగతి నుంచే మెర్డిల్ పుట్టాడని ముందుమాటలో ఆయనే రాశాడు.

సీరియల్‌కూ అలాంటి యాదృచ్ఛికమే జరిగింది. స్క్రిప్టు ముందే రాసి, షూటింగ్ ముగించి పెట్టుకున్నారు. 2008 సెప్టెంబరు 15న లీమన్ బ్రదర్స్ కూలింది. అక్టోబరులో బ్రిటన్ ప్రభుత్వం తన పెద్ద బ్యాంకులకు ప్రజాధనం పోసి నిలబెట్టాల్సి వచ్చింది. ఆ నెల 26నే సీరియల్ మొదలైంది. చివరి ఎపిసోడ్ డిసెంబరు 11న వచ్చింది. సరిగ్గా అదే రోజు న్యూయార్క్‌లో బెర్నార్డ్ మేడాఫ్‌ను అరెస్టు చేశారు. నాలుగు వారాలు తిరగకముందే, 2009 జనవరి 7న, మన హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధినేత రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఆ ఉదయం మన బ్రాంచీల్లో టీవీల ముందు నిలబడ్డవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. గుర్రబ్బళ్ల కథను ఆ శీతాకాలంలో చూసినవాళ్లకు అది పాతకాలపు సంగతిగా తోచే అవకాశమే లేకపోయింది. మరుసటి ఏడాది అమెరికాలో దీనికి ఏడు ఎమ్మీ అవార్డులొచ్చాయి, వాటిలో ఉత్తమ మినీ సీరీస్ ఒకటి.

నవలలో ఒక ప్రభుత్వ కార్యాలయం కూడా ఉంది. పని ఎలా జరక్కుండా చూడాలో తెలిసిన కార్యాలయం. తెలుగులో 'చుట్టుతిప్పుడు శాఖ' అనొచ్చేమో. ఆర్థర్ ఒక చిన్న సమాచారం కోసం వెళ్తే ఈ బల్ల నుంచి ఆ బల్లకు తిప్పుతారు. ఉద్యోగులంతా ఒకే వంశంవాళ్లు. డికెన్స్ ఇది రాయడానికి కాస్త ముందే, 1854లో, ఉద్యోగాలు సిఫారసుతో కాక పరీక్ష పెట్టి ఇవ్వాలని నార్త్‌కోట్, ట్రెవెలియన్ అనే ఇద్దరు నివేదిక ఇచ్చారు. పోటీపరీక్ష రాసి వచ్చిన మనమంతా ఒక రకంగా ఆ నివేదిక వారసులమే. సర్క్యులర్ల విషయంలో మాత్రం పాత వంశం పోలికలు మనలో కొంచెం మిగిలాయి. మేనేజర్ గారు నవ్వుతున్నారు కాబట్టి ఈ మాట అనే ధైర్యం చేశాను.

నటన గురించి ఒక్క దృశ్యం చెప్పి తీరాలి. డోరిట్‌గా టామ్ కోర్ట్‌నీ. ధనవంతుడయ్యాక జైలు మాట ఎవరూ ఎత్తకూడదని ఆయన శాసనం. ఎమీ ముఖం చూస్తే జైలు గుర్తొస్తుందని ఆమె మీదే విసుక్కుంటాడు. ఇటలీలో ఒక పెద్ద విందు. వెండి పళ్లేలు, దొరలు, దొరసానులు. ఆయన లేచి నిలబడి మాట్లాడబోతాడు. మతి తప్పి, తాను ఇంకా మార్షల్సీలోనే ఉన్నాననుకుని, ఆ అతిథులను కొత్తగా జైలుకొచ్చిన ఖైదీలనుకుని స్వాగతం చెబుతాడు. ఎవరైనా కాస్త చిల్లర కానుకగా ఇస్తే కాదనననే ధోరణిలో సాగుతుంది ఆ ఉపన్యాసం. ఎమీగా వేసిన క్లెయిర్ ఫోయ్ (తరవాత 'ది క్రౌన్'లో ఎలిజబెత్ రాణి వేషం వేసిన అమ్మాయే) లేచి వెళ్లి తండ్రి పక్కన నిలబడుతుంది. ఆయన్ని ఆపదు, సిగ్గుపడదు, ఏడవదు. మన సీరియళ్లలో ఇలాంటి కూతురికి అరగంట కన్నీళ్లు రాస్తారు. ఈ పిల్ల ఇంటి లెక్కలు చూసుకుంటూ పెరిగింది, ఏడవడానికి తీరిక దొరకలేదు.

నవలలో ఎమీ ఒక ప్రశ్న అడుగుతుంది. నాన్న అన్నేళ్లు జైల్లో ఉన్నాడు కదా, ఆ అప్పులు మళ్లీ డబ్బుతో కూడా కట్టాలా అని. ఆర్థర్‌కు అది జైలు గాలి ఆమెకు అంటించిన ఒకే ఒక మచ్చగా తోస్తుంది. ఆయన వ్యాపార కుటుంబంవాడు, బాకీ అంటే బాకీ. అప్పిచ్చే చోట ఉద్యోగం చేసే నేను ఆర్థర్ పక్షాన ఉండాలి. అప్పు తీరకపోతే ఇంకొకరి డిపాజిట్ తీరదు. కానీ ఆమె ప్రశ్నకు చట్టం కూడా ఆలస్యంగానైనా జవాబు వెతుక్కుంది. ఇంగ్లండ్‌లో చాలా రకాల అప్పులకు జైలు శిక్షను 1869లో తీసేశారు. మన దేశంలో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అది ఇప్పటికీ ఉంది. అయితే 1980లో జాలీ జార్జ్ వర్గీస్ వర్సెస్ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ కేసులో, కట్టే స్తోమత లేని నిజాయితీపరుణ్ణి అప్పు తీర్చలేదన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసినది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. ఉండీ ఎగ్గొట్టేవాడు వేరు, లేక కట్టలేనివాడు వేరు. మన లోన్ ఫైళ్లలో ఈ రెండు రకాలూ ఒకే ఎన్.పి.ఎ. కాలమ్‌లో ఉంటాయి. వాటిని విడదీసి చూడటానికి ఇప్పటికీ మనిషే ఆ ఇంటిదాకా వెళ్లాలి.

మార్షల్సీ 1842లో మూతపడింది. లండన్‌లో సదర్క్ ప్రాంతంలో సెయింట్ జార్జ్ చర్చి పక్క సందులో దాని గోడ ఒకటి ఇంకా ఉంది. పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులు ఈసారి వెళ్లినప్పుడు చూసి రావచ్చు, టికెట్టు లేదు. నవల చివర ఎమీ పెళ్లి జరిగేది ఆ చర్చిలోనే.

సీరియల్ చూడాలనుకునేవాళ్లకు ఒకటి రెండు సూచనలు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఆ యాస మనకు తొందరగా అందదు. మొదటి గంటలో పేర్లు కలగాపులగంగా ఉంటాయి, మూడో ఎపిసోడ్‌కి కుదురుకుంటాయి. చివర్లో విప్పే వీలునామా రహస్యం నవలలోనే చిక్కుముడి, అది అర్థం కాకపోయినా కథకు లోటు రాదు. రిగో వచ్చే ఘట్టాలు, మెర్డిల్ మరణం చిన్నపిల్లలు చూడదగ్గవి కావు, పదో తరగతి దాటినవాళ్లయితే పరవాలేదు.